లాంఛనములు, వాని అర్థములు



విరాటపర్వములోని ఉత్తర గోగ్రహణ ఘట్టము మీరందరు ఎరిగినదే. అర్జునుడు దూరమున నిలిచిన కౌరవసేనను ఉత్తరునకు చూపుచు, ముఖములనుబట్టి గాక, రథములపై నాడుచున్న సిడములనుబట్టి ఒక్కొక్క వీరుని గుర్తింపజేయును. బంగారు వేదిక గల కేతనము ద్రోణునిది. సింహపు తోక అశ్వత్థామది. వృషభము కృపునిది. శంఖము కర్ణునిది. సర్పము దుర్యోధనునిది. తాటిచెట్టు భీష్మునిది. ఈ ఆరింటిని తిక్కన సోమయాజి ఒక్క సీసపద్యమున ఇమిడ్చినాడు. నేను బడిపంతులుగా నున్నంతకాలము ఈ పద్యమును ఏటేట పిల్లలచే వల్లె వేయించితిని. చురుకైన పిల్లవాడు ఎవడో ఒకడు, "ద్రోణుడు తండ్రి, అశ్వత్థామ కొడుకు గదా, ఇద్దరికి ఒకే జెండా ఉండరాదా అయ్యవారూ?" అని అడుగుచునే యుండెడివాడు.

మంచి ప్రశ్న. సిడము వంశమును మాత్రమే చెప్పినచో యుద్ధమున చాలదు. బాణము వేసినవాడెవడు, మాట ఇచ్చినవాడెవడు, వెన్ను చూపినవాడెవడు అన్నది దూరమునుండియే తెలియవలెను. కావున గుర్తు మనిషిది. ఆ గుర్తు క్రింద జరిగిన పనికి ఆ మనిషియే పూచీ.

ఈ ధర్మమును నేటికిని చట్టముగా పాటించుచున్న దేశమొకటి కలదు. అది స్కాట్లాండు. అచ్చటి న్యాయమున కుటుంబమంతటికి ఉమ్మడి లాంఛనమన్నది లేదు. డాలుపై చిత్రించిన లాంఛనము ఒక్క వ్యక్తి సొత్తు. తండ్రి జీవించియుండగా పెద్దకొడుకు సైతము ఆ డాలును యథాతథముగా ధరింపరాదు. దాని పైభాగమున మూడు కుచ్చులు వ్రేలాడు అడ్డుపట్టీ నొకదానిని చేర్చుకొనవలెను. తండ్రి అనంతరము ఆ పట్టీ తొలగును. చిన్నకొడుకులు డాలుచుట్టు వేరువేరు రంగుల అంచులు కట్టించుకొందురు. వీనినన్నిటిని వ్రాసియుంచుటకు 1672 సంవత్సరపు చట్టముచే ఏర్పడిన గ్రంథము ఎడింబరో నగరమున నున్నది. దానికి అధిపతి లార్డ్ లయన్ అను అధికారి. ఆయనకు న్యాయస్థానము కూడ కలదు. ఒకరి లాంఛనమును మరియొకరు వాడినచో అది శిక్షార్హమైన నేరము. ప్రభువు శిరోభూషణ చిహ్నమును ధరింపగోరు అనుచరులు దానిచుట్టు నడికట్టును చిత్రించి ధరింతురు. అనగా, నేను వారివాడనే గాని ఈ గుర్తు నాది కాదు అని ఒప్పుకొనుట.

రంగులకును నియమము కలదు. బంగారు, వెండి లోహములు. పసుపు, తెలుపు వానికి బదులు వచ్చును. ఎరుపు, నీలము, నలుపు, ఆకుపచ్చ, ఊదా వర్ణములు. లోహముపై లోహమును, వర్ణముపై వర్ణమును పెట్టరాదు. పేడతో అలికిన ముదురు నేలపైననే తెల్లని ముగ్గు తేటపడునని మన ఆడువారికి ఎవరును చెప్పనక్కరలేదు గదా. ఇదియు అట్టిదే. దుమ్ము రేగినను గుర్తు కనబడవలెను.

చిత్రములలో శ్లేష కూడ నున్నది. ఫ్రేజర్ వంశీయులు తమ డాళ్లపై స్ట్రాబెరీ పూవును ధరింతురు. ఆ పండునకు ఫ్రెంచి భాషలోని పేరు వారి ఇంటిపేరును తలపించును. ఇక కాంబెల్ వంశపు ప్రభువులకు శిరోభూషణ చిహ్నము బంగారు వరాహశిరస్సు. దానితోడి సూక్తికి "మరువకుము" అని అర్థము.

వరాహమనగానే మనము స్వదేశమునకు వచ్చితిమి. 7వ శతాబ్దమున వేంగిలో రాజ్యము స్థాపించిన తూర్పు చాళుక్యులది వరాహలాంఛనము. అది నారాయణుని అనుగ్రహమున తమకు లభించినదని వారు శాసనములలో చెప్పుకొనిరి. జలములో మునిగిన భూమిని కోరపై ఎత్తినవాడు వరాహమూర్తి. భూమిని నిలుపుట రాజధర్మమని ఆ గుర్తునకు భావము. భూదానము చేసినపుడు రాగిరేకులకు రంధ్రము చేసి, వానిలో రాగికడియమును దూర్చి, దాని రెండు కొనలను ముద్రలో బిగించుచుండిరి. కడియము తెగినచో రేకు మార్చబడినదేమో యని అనుమానింపవచ్చును. ఆ ముద్రపై వరాహము, సూర్యచంద్రులు, అంకుశము, శంఖము, పద్మము, నడుమ "శ్రీ త్రిభువనాంకుశ" అను అక్షరములు కనబడును. వరాహము వంశమునకు గుర్తు. త్రిభువనములకు అంకుశము వంటివాడనుట బిరుదు. ఆ బిరుదమే అంకుశరూపమున చిత్రమైనది. స్కాట్లాండువారి శ్లేషవంటిది మనకును కలదన్నమాట.

మన కాణిపాకమునకు ఇందు ఒక సంబంధమున్నది. ఇచ్చటి ఆలయమును కట్టించినవాడు మొదటి కులోత్తుంగ చోళుడని స్థలచరిత్ర చెప్పును. ఆయన పుట్టుకచే చోళుడు కాడు. నన్నయభట్టుచే భారతరచనకు ఉపక్రమింపజేసిన రాజరాజనరేంద్రుని కుమారుడు. రాజేంద్రచోళుని కుమార్తె అమ్మంగదేవికి పుట్టినవాడు. వరాహలాంఛనపు ఇంట పుట్టి, 1070లో వ్యాఘ్రలాంఛనపు సింహాసనమెక్కెను. చోళముద్రలో పులి సరసన పాండ్యుల మత్స్యములును, చేరుల విల్లును ఉండును. అవి అలంకారములు కావు. ఆ రాజ్యములపైని ఆధిపత్యమును చాటు గుర్తులు. లాంఛనము రక్తముతోపాటు తప్పక వచ్చునది కాదు, వహించిన భారముతోపాటు వచ్చునది అనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

తరువాత విజయనగరాధీశులు వరాహమునే గైకొని, దాని ప్రక్క నిలువుకత్తిని, పైన సూర్యచంద్రులను చెక్కించిరి. మన పెద్దలు బంగారు నాణెమును "వరహా" అనుట ఈ గుర్తువలననే. అచ్యుతదేవరాయలు తన నాణెములపై ఏనుగులను ముక్కులతో, గోళ్లతో పట్టిన గండభేరుండమును వేయించెను. చంద్రగిరినుండి పాలించిన వేంకటపతిరాయలు తన నాణెముపై తిరుమల వేంకటేశ్వరుని మూర్తినే ముద్రింపించెను.

1877 ఢిల్లీ దర్బారు సందర్భమున మరియొక వింత జరిగెను. రాబర్ట్ టేలర్ అను బెంగాలు సివిల్ ఉద్యోగి పాశ్చాత్యపద్ధతిని లాంఛనములు కల్పింపగా, వానిని పట్టుపతాకలపై కుట్టించి వైస్రాయి లిట్టన్ ప్రభువు మన సంస్థానాధీశులకు బహూకరించెను. పతాకలు అందమైనవే. కాని గుర్తును ఇచ్చినవాడే పైవాడని అవి ప్రతిదినము గుర్తుచేయుచుండెను. 1950 జనవరి 26న సారనాథ సింహములను మన రాజ్యాంగచిహ్నముగా మనమే స్వీకరించితిమి. దాని దుర్వినియోగమును నిషేధించుచు 2005లో చట్టము కూడ వచ్చినది.

గ్రామపెద్దలైన మీకు దీనితో పనియేమి యందురేమో. మీ పొలిమేరలలో పాత రాళ్లు నిలిచియున్నవి. వానిపై సూర్యచంద్రులున్నచో, అవి ఉన్నంతకాలము ఈ దానము చెల్లునని అర్థము. త్రిశూలమున్నది శివాలయపు మాన్యమునకు ఎల్లరాయి. శంఖచక్రములున్నది విష్ణ్వాలయపు మాన్యమునకు. గొడుగు పట్టిన వామనుడున్నచో అది బ్రాహ్మణదత్తము. అక్షరము రానివాడు సైతము చదువుకొనుటకే పూర్వులు ఈ చిత్రములను చెక్కించిరి.

ఒక గ్రామమున చాకిరేవు బండను నేను తిరుగవేయించి చూచితిని. అడుగున సూర్యచంద్రులు, త్రిశూలము చెక్కుచెదరక యుండెను. అది మొదట ఏ గట్టున నిలిచియుండెనో చెప్పగలవారు ఆ ఊర ఒక్కరును మిగులలేదు. రాయి దక్కినది గాని సాక్ష్యము పోయినది. ఎల్లరాతికి తన చోటే సగము మాట. కదల్చిన రాయి నోరు కట్టిన సాక్షి వంటిది.

కావున నా విన్నపము చిన్నది. అట్టి రాయి కనబడినచో కదల్పకుడు. సున్నము, రంగు పూయకుడు. అక్షరములు తేటపడునని ఉలితో గీయకుడు. ఏ సర్వే నంబరులో, ఏ గట్టున, ఏ దిక్కునకు ముఖముగా నున్నదో ఒక కాగితముపై వ్రాసి, ఫొటో తీయించి, తహశీల్దారుకును పురావస్తు శాఖకును తెలుపుడు. స్కాట్లాండువారు లాంఛనములకు ఒక గ్రంథము పెట్టుకొనిరి. మన గ్రంథము పొలముగట్లపై విడివిడి పుటలుగా నున్నది. ఒక్కొక్క పుటకు మీరే కావలి.

సెలవు.