మందులకు లొంగని టీబీ: వలస వెళ్తే మాత్రల సంగతేంటి?

ఈ ఎపిసోడ్‌లో మందులకు లొంగని టీబీ గురించి మాట్లాడుకుందాం. మన విడపనకల్లు వైపు వానలు లేని ఏడాది చాలా ఇళ్లకు తాళాలు పడతాయి. ఒకరు బళ్ళారికి, ఇంకొకరు బెంగళూరుకు. పనికి పోతారు సరే, టీబీ కోర్సు మధ్యలో ఉన్నవాళ్ల సంగతేంటి?

మామూలు టీబీకి 6 నెలల కోర్సు. మొదటి 2 నెలలు నాలుగు మందులు, తర్వాత 4 నెలలు మూడు. ఇన్నెందుకంటే, ఊపిరితిత్తుల్లో ఉండే కోట్ల క్రిముల్లో ఏదో ఒక మందుకు ముందే లొంగనివి కొన్ని ఉంటాయి. ఒక మందు వదిలేసినదాన్ని ఇంకోటి చంపుతుంది. కొన్ని వారాలకే దగ్గు తగ్గి, ఆకలి వేస్తుంది. ‘నయమైపోయింది’ అని ఆపేస్తే క్రిములు మిగిలిపోతాయి. ఆపుతూ, మళ్లీ మొదలుపెడుతూ, దొరికిన మాత్రలే మింగుతూ పోతే మొండివే బతికి పెరుగుతాయి. పురుగుమందు అరకొరగా కొట్టిన చేనులో జరిగేదీ ఇదే. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ రెండూ పనిచేయకపోతే దాన్ని ఎండీఆర్ టీబీ అంటారు.

ఒక్క మాట. ఇది వచ్చినవాళ్లంతా మాత్రలు మానేసినవాళ్లు కాదు. రోగి దగ్గితే ఆ మొండి క్రిమే గాల్లోంచి పక్కవాళ్లకు పోతుంది. కాబట్టి ఎవర్నీ నిందించొద్దు.

వైద్యం? ఒకప్పుడు ఏడాదిన్నర పైనే మందులు, నెలల తరబడి సూదులు. వాటితో కొందరికి వినికిడి పోయింది. 2012లో అమెరికాలో బెడాక్విలిన్‌కు అనుమతి వచ్చాక దారి మారింది. నాలుగు మందుల 6 నెలల కోర్సును ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సిఫారసు చేసింది, మన దేశం 2024లో ఒప్పుకుంది. అయినా తేలిక కాదు. లినజోలిడ్‌తో కాళ్లు తిమ్మిరెక్కొచ్చు, రక్తం తగ్గొచ్చు, చూపు మసకబారొచ్చు. బెడాక్విలిన్ వాడితే ఈసీజీ చూస్తుండాలి. టీబీ వైద్యానికి పేరున్న బత్తలపల్లి ఆర్డీటీ ఆసుపత్రికి ఇక్కణ్నుంచి పోవాలంటే అనంతపురం దాటాలి. వెళ్లిన ప్రతిసారీ ఒక రోజు కూలి పోయినట్టే.

మరి మనమేం చేయాలి? రెండు వారాలు దాటి దగ్గుంటే ప్రభుత్వాసుపత్రిలో కళ్లె పరీక్ష చేయించుకోండి, ఉచితం. ట్రూనాట్ లేదా సీబీనాట్ చేస్తారేమో అడగండి. రిఫాంపిసిన్ పనిచేస్తుందో లేదో గంటల్లోనే తెలుస్తుంది. టీబీ అని తేలితే నిక్షయ్ ఐడీ ఇస్తారు, దాన్ని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. వలస వెళ్లే ముందే ఆశా అక్కకో, ఆసుపత్రిలోనో చెప్తే కేసును కొత్త ఊరికి బదిలీ చేస్తారు. కర్ణాటకైనా సరే, మాత్రలు అక్కడే తీసుకోవచ్చు. తిండి కోసం నెలకు 1000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తారు. 2024 నవంబరుకు ముందు ఇది 500. డౌటుంటే 1800 11 6666కి ఫోన్ చేయండి, టోల్ ఫ్రీ.

మీ ఇంట్లోనో, వీధిలోనో ఎవరైనా టీబీ మాత్రలు వాడుతూ బస్సెక్కబోతుంటే, ఈ ఎపిసోడ్ వాళ్లకు ముందే పంపండి. ఊరు మారినా మాత్ర ఆగకూడదు, అంతే.