రాళ్ల మీద మట్టి చేసుకున్న దీవి

చుట్టూ అట్లాంటిక్ మహాసముద్రం. కాళ్ల కింద ఎటు చూసినా సున్నపురాయి. గుప్పెడు మట్టి లేని చోట బంగాళదుంపలు పండించారు. దేశంలో చాలా ఇళ్లు వదిలేసుకున్న భాషలోనే అక్కడ ఇంకా పిల్లల్ని అన్నానికి పిలుస్తున్నారు. ఒక్క సెమిస్టర్ చదువు కోసం ఐర్లాండ్ వెళ్లి, సెలవుల్లో చూసొచ్చిన ఆరన్ దీవుల కబుర్లివి.

ఇంజినీరింగ్ మూడో ఏడాదిలో ఎక్స్ఛేంజ్ ప్రోగ్రామ్ కింద మా కాలేజీ నుంచి నలుగురం గాల్వే వెళ్లాం. ఐర్లాండ్ పడమటి తీరంలో ఉందా ఊరు. సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా అక్కడే చదువు. క్లాసులు, అసైన్‌మెంట్లు, వంతులేసుకుని వంట... చూస్తుండగానే అక్టోబరు చివరికొచ్చేసింది. ఆ నెల ఆఖరి సోమవారం దేశమంతా సెలవు. శని, ఆదివారాలు కలిపితే మూడు రోజులు. యూరప్ విద్యార్థులంతా రోమ్, బార్సిలోనా అంటూ చవక టిక్కెట్లు కొనుక్కున్నారు. మా దగ్గరున్నది ఐర్లాండ్ వీసా. ఆ దేశం షెంజెన్‌లో లేదు కాబట్టి పారిస్ వెళ్లాలన్నా మాకు మళ్లీ వేరే వీసా కావాలి. వీసా అక్కర్లేని చోటు ఏదైనా ఉందా అని వెతికితే గాల్వే అఖాతం ముఖద్వారంలోనే మూడు దీవులు కనిపించాయి. ఇనిష్ మోర్, ఇనిష్ మాన్, ఇనిష్ ఈర్. మూడింటినీ కలిపి ఆరన్ దీవులంటారు. అన్నిటికంటే పెద్దదైన ఇనిష్ మోర్‌కి ప్రయాణం కట్టాం.

నలభై నిమిషాల ఊగిసలాట

గాల్వే నుంచి బస్సులో గంట ప్రయాణం చేస్తే రోసవీల్ రేవు వస్తుంది. అక్కడి నుంచి పడవలో నలభై నిమిషాలు. వినడానికి తక్కువే గానీ అక్టోబరు సముద్రం మామూలుగా ఉండదు. పడవ ఒకసారి ఆకాశాన్నీ మరోసారి నీళ్లనీ చూపిస్తోంటే మాలో ఇద్దరు కళ్లు మూసుకుని కూర్చున్నారు. స్థానికులు మాత్రం కూరగాయల సంచులు, గ్యాస్ బండలు పక్కన పెట్టుకుని పల్లెవెలుగు బస్సులో కూర్చున్నంత తీరుబడిగా కబుర్లాడుకుంటున్నారు.

కిల్‌రోనన్ రేవులో దిగగానే ఎదురుగా సైకిళ్ల దుకాణం. దీవి పొడవు సుమారు 14 కిలోమీటర్లు, జనాభా దాదాపు ఎనిమిది వందలు. సైకిల్ ఉంటే చాలు, ఒక రోజులో చాలావరకు చుట్టేయొచ్చు. తొక్కలేనివాళ్లకి మినీబస్సులు, గుర్రబ్బళ్లు ఉన్నాయి. గాలికి ఎదురు తొక్కాల్సి వచ్చినప్పుడు ఆ గుర్రబ్బండే నయమనిపించింది!

మట్టి ఎక్కడిది?

దీవిలో మొదట ఆశ్చర్యపరిచేది సముద్రం కాదు, గోడలు. సిమెంటు, సున్నం ఏమీ లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టిన నడుమెత్తు గోడలు. గళ్ల దుప్పటి పరిచినట్టు ప్రతి చిన్న మడికీ నాలుగు వైపులా ఉంటాయి. మూడు దీవుల్లోని గోడల్నీ కలిపితే వెయ్యి మైళ్లకు పైమాటేనని అంచనా. ఆస్తి హద్దుల కోసమే ఇన్ని కట్టారనుకున్నాం. అసలు సంగతి మేం బస చేసిన ఇంటావిడ చెప్పింది. ఆవిడకి అరవై దాటి ఉంటాయి. అక్కడ అందర్నీ పేరు పెట్టే పిలుస్తారు. మాకేమో నోరు రాక ‘ఆంటీ’ అన్నాం. నవ్వి, అదే ఖాయం చేసింది.

ఈ దీవి అంతా సున్నపురాతి పలక. సాగుకి పనికొచ్చే మట్టి చాలా చోట్ల లేనే లేదు. అందుకని పాతకాలం వాళ్లు ముందు పైనున్న రాళ్లన్నీ ఏరారు. వాటితోనే గోడలు కట్టారు. పలకలోని పగుళ్లని చిన్న రాళ్లతో పూడ్చారు. తీరం నుంచి ఇసుకనీ సముద్రపు నాచునీ గంపల్లో వీపు మీద, గాడిదల మీద మోసుకొచ్చి పొరలు పొరలుగా పరిచారు. ఏళ్లు గడిచేకొద్దీ నాచు కుళ్లి మట్టయింది. ఆ మట్టి గాలికి కొట్టుకుపోకుండా కాపలా కాసేవి ఈ గోడలే! ‘‘మా నాన్న వీపు ఎప్పుడూ తడిగానే ఉండేది. నాచు గంపలోంచి ఉప్పునీళ్లు కారేవి’’ అందావిడ. ఆ పూట మాకు వేడివేడి బంగాళదుంపల సూపు పెట్టింది. మామూలు సూపులా తాగలేకపోయాం.

అంచున కోట

రెండో రోజు డన్ ఏంగస్ కోటకి వెళ్లాం. కిల్‌మర్వీ దగ్గర సైకిళ్లు ఆపేసి రాళ్ల బాటలో ఇరవై నిమిషాలు పైకి నడవాలి. ఇక్కడ మొదటి కట్టడం క్రీస్తుపూర్వం 1100 ప్రాంతం నాటిదని చెబుతారు. అర్ధచంద్రాకారపు రాతి గోడలు ఒకదాని లోపల ఒకటి. శత్రువులు పరిగెత్తుకు రాకుండా బయటంతా సూదిరాళ్లు పాతారు. లోపలి ఆవరణలోకి అడుగుపెట్టాక ఎదురుగా గోడ ఉండాల్సిన చోట... ఏమీ లేదు! సుమారు 300 అడుగుల కింద అట్లాంటిక్. రెయిలింగ్ లేదు, తాడు లేదు. అంచు చూడాలనుకున్నవాళ్లు బోర్లా పడుకుని పాక్కుంటూ వెళ్తారు. మేమూ అలాగే తల మాత్రం బయటపెట్టి చూశాం. కెరటం కొండని కొట్టిన చప్పుడు కడుపులో వినిపించింది.

‘అవును’ లేని భాష

దీవిలో బోర్డులు ఐరిష్‌లోనే ఉంటాయి. ఆంటీ మాతో ఇంగ్లిషులో మాట్లాడుతూనే మనవడి వైపు తిరిగి ఐరిష్ అందుకునేది. ‘డియ గ్విచ్’ అని పలకరిస్తారు. దేవుడు నీకు తోడుండాలని అర్థం. దానికి జవాబు ‘దేవుడూ మేరీమాతా నీకు తోడుండాలి’ అని! ఈ భాషలో ‘అవును’, ‘కాదు’ అనే మాటలు విడిగా లేవు. ‘అర్థమైందా?’ అని అడిగితే ‘అర్థమైంది’ అనే చెప్పాలి. ఆంటీ ఇది వింతగా వివరిస్తోంటే మాకు నవ్వొచ్చింది. మన ఇళ్లలో ‘తిన్నావా?’ అంటే ‘తిన్నా’ అనే కదా అంటాం!

ఒకప్పుడు ఐర్లాండ్ అంతటా వినిపించిన భాష ఇది. 1845లో బంగాళదుంపకి తెగులు సోకి, ఏడేళ్ల కరవులో సుమారు పది లక్షల మంది చనిపోయారు. మరో పది లక్షల మంది ఓడలెక్కి వెళ్లిపోయారు. ఎక్కువ దెబ్బతిన్నది ఐరిష్ మాట్లాడే పేదలే. మిగిలినవాళ్లు పిల్లలు బతకాలంటే ఇంగ్లిషే దారి అనుకున్నారు. కొన్నిచోట్ల పిల్లల మెడలో కర్ర కట్టి, ఐరిష్ మాట దొర్లినప్పుడల్లా గాటు పెట్టి, గాట్లు లెక్కబెట్టి కొట్టేవారట. తెలుగులో మాట్లాడితే ఫైన్ కట్టించుకునే బడిలో చదివిన మా స్నేహితురాలు అది విని చాలాసేపు మాట్లాడలేదు.

1937 నాటి రాజ్యాంగం ఐరిష్‌ని మొదటి అధికార భాష చేసింది. బడుల్లో నేర్పుతున్నారు. రేడియో, టీవీ ఛానెళ్లున్నాయి. 2022 జనాభా లెక్కల్లో దాదాపు 18.7 లక్షల మంది తమకి ఐరిష్ వచ్చని చెప్పారు. బడి బయట రోజూ మాట్లాడేవాళ్లు మాత్రం 72 వేల లోపే! ‘వచ్చు’కీ ‘మాట్లాడతాం’కీ అంత దూరం. ఆ కొద్దిమందిలో ఈ దీవులవాళ్లూ ఉన్నారు. ఇక్కడా భయం లేకపోలేదు. ‘‘ఇల్లు దొరక్క ఒక జంట గాల్వే వెళ్లిపోతే బడిలో ఇద్దరు పిల్లలు తగ్గుతారు. బడి మూతపడితే ఇంకో నాలుగు జంటలు వెళ్తాయి. భాష పోయేది అలా’’ అంది ఆంటీ.

తర్వాత ‘‘మీలో మీరు మాట్లాడుకునేది ఏ భాష?’’ అనడిగింది. తెలుగు అన్నాం. ఎంతమంది మాట్లాడతారంది. 2011 లెక్కల ప్రకారం ఎనిమిది కోట్ల పైనే అనగానే టీ పోస్తున్న చెయ్యి ఆగిపోయింది. ‘‘అయితే మీకు బెంగ లేదు. మీ పిల్లలతోనూ ఇదే మాట్లాడతారుగా?’’ నలుగురం మొహమొహాలు చూసుకున్నాం. ఆవిడ భాషలోలా అవునని తేల్చేయడానికి లేదు, మాట్లాడతామనే అనాలి. ఒకరి తర్వాత ఒకరం అన్నాం.

స్వెటర్ వెనక కథ

కిల్‌రోనన్‌లో ఎక్కువమంది కొనేది ఆరన్ స్వెటర్. మీగడ రంగు ఉన్నితో జడల్లా, తాళ్లలా అల్లిన డిజైన్లు ఉంటాయి. ఒక్కో కుటుంబానికి ఒక్కో అల్లిక ఉంటుందనీ సముద్రంలో మునిగిపోయినవాళ్లని దాన్నిబట్టే గుర్తుపట్టేవారనీ ప్రచారం. అందులో నిజం లేదు. జె.ఎం.సింజ్ నాటకం ‘రైడర్స్ టు ద సీ’లో చనిపోయినవాణ్ని మేజోడు అల్లికని బట్టి గుర్తుపడతారు. ఈ కథ అక్కడి నుంచే పుట్టిందంటారు. అయితే కెరటాలకి బిడ్డల్ని పోగొట్టుకున్న ఇళ్లు మాత్రం నిజం. చెక్క చట్రం మీద తారు గుడ్డ కప్పిన పల్చటి కరక్ పడవల్లోనే ఇక్కడివాళ్లు తరతరాలుగా వేటకి వెళ్లారు.

వెళ్లాలనుకుంటే...

ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు వాతావరణం అనుకూలం. చలికాలంలో పడవలు తక్కువ. సముద్రం పోటుమీదుంటే పూర్తిగా ఆగిపోతాయి కాబట్టి తిరుగు ప్రయాణానికి ఒక రోజు అదనంగా ఉంచుకోవడం మంచిది. గొడుగు గాలికి నిలవదు, వానకోటు తప్పనిసరి. దీవి ఉత్తర తీరంలో సీళ్లు రాళ్ల మీద పడుకుని ఉంటాయి, దూరం నుంచే చూడాలి. ‘ఏడు చర్చిలు’ అనే చోట నిజానికి ఉన్నవి రెండే, వెతుక్కోకండి! వచ్చేటప్పుడు ‘గురవ్ మహగత్’ అనండి. నీకు మేలు జరగాలి అని దానర్థం. అక్కడ థ్యాంక్స్ చెప్పేది అలాగే. ఆ ఒక్కమాట వాళ్ల భాషలో వింటే చాలు, సంచిలో ఇంకో రొట్టె ముక్క పెట్టి మరీ పంపిస్తారు.