అణుభద్రత నియంత్రణ: వ్యవస్థ, విధులు, చట్టపరమైన పరిణామం

దేశంలో అణు విద్యుత్ కేంద్రం మొదలుకొని జిల్లా ఆసుపత్రిలోని ఎక్స్‌రే యంత్రం వరకు రేడియేషన్‌తో ముడివడిన అనేక కార్యకలాపాలు అణుశక్తి నియంత్రణ మండలి (ఎ.ఇ.ఆర్.బి.) పరిధిలోకి వస్తాయి. హైదరాబాదులోని అణు ఇంధన సముదాయం, వై.ఎస్.ఆర్. కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం గని ఈ పర్యవేక్షణకు లోబడినవే. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడ వద్ద ప్రతిపాదించిన రియాక్టర్లకు కూడా ఈ మండలి అనుమతులు తప్పనిసరి.

1962 నాటి అణుశక్తి చట్టం కింద కేంద్ర ప్రభుత్వం 1983 నవంబరు 15న ఈ మండలిని ఏర్పాటు చేసింది. దీని ప్రధాన కార్యాలయం ముంబైలో ఉంది.

అంచెలవారీ అనుమతులు

అణు విద్యుత్ కేంద్రానికి ఒకే పర్యాయం అనుమతి లభించదు. స్థల ఎంపిక, నిర్మాణం, ప్రారంభ పరీక్షలు, నిర్వహణ, చివరకు మూసివేత - ప్రతి దశలోను వేర్వేరుగా భద్రతా సమీక్ష జరుగుతుంది. నిర్వహణ లైసెన్సును నిర్ణీత కాలానికే మంజూరు చేస్తారు. పదేళ్లకు ఒకసారి సమగ్ర సమీక్ష ఉంటుంది. నిబంధనలు ఉల్లంఘించిన పక్షంలో లైసెన్సును నిలిపివేసే, రద్దు చేసే అధికారం మండలికి ఉంది.

రేడియేషన్ పరిమితులు కూడా నిర్దేశించడమైనది. సిబ్బందికి వరుసగా ఐదేళ్లలో 100 మిల్లీసీవర్టులు మించరాదు. అందులో ఏ ఒక్క ఏడాదిలోను 30 దాటరాదు. సాధారణ ప్రజలకు ఏడాదికి 1 మిల్లీసీవర్టు గరిష్ఠ పరిమితి.

ప్రమాదాల నివారణ భద్రత కిందికి వస్తుంది. చౌర్యం, విధ్వంసం నుండి కాపాడటం భౌతిక రక్షణ కిందికి వస్తుంది. అణు విద్యుత్ కేంద్రాల వద్ద ఈ రెండవ బాధ్యతను కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం నిర్వహిస్తున్నది.

మాయాపురి నేర్పిన పాఠం

అపాయం రియాక్టర్ల వద్దనే పొంచి ఉండదని 2010 ఏప్రిల్‌లో ఢిల్లీ మాయాపురిలో జరిగిన దుర్ఘటన నిరూపించింది. ఒక విశ్వవిద్యాలయం వాడుకలో లేని పరికరాన్ని వేలంలో విక్రయించగా, అందులోని కోబాల్ట్-60 పాత ఇనుము దుకాణాలకు చేరింది. రేడియేషన్ సోకి పలువురు ఆసుపత్రి పాలుకాగా, ఒక కార్మికుడు మరణించాడు. అంతర్జాతీయ అణు సంఘటనల కొలమానంపై దీనిని 4వ స్థాయిగా పరిగణించారు. అనుమతి ఇచ్చినంత మాత్రాన చాలదని, పరికరాన్ని తిరిగి అప్పగించే వరకు లెక్క ఉండాలని ఈ ఘటన తెలియజేసింది.

స్వతంత్ర ప్రతిపత్తి ప్రశ్న

కేంద్రాలను నిర్వహించే యంత్రాంగానికి, వాటిని తనిఖీ చేసే సంస్థకు మధ్య తగినంత దూరం ఉండాలన్నది ఈ రంగంలో మూలసూత్రం. మండలికి చట్టబద్ధ హోదా లేకపోవడాన్ని కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 2012 నివేదికలో ఎత్తిచూపారు. వైద్య ఎక్స్‌రే కేంద్రాలలో దాదాపు 91 శాతం నమోదు లేకుండానే నడుస్తున్నట్లు ఆ నివేదిక వెల్లడించింది. 2011లో లోక్‌సభలో ప్రవేశపెట్టిన అణుభద్రతా నియంత్రణ ప్రాధికార బిల్లు 2014లో సభ రద్దుతో మురిగిపోయింది. మండలి స్వతంత్రతను చట్టం ద్వారా స్థిరపరచాలని 2015లో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ సమీక్షా బృందం సూచించింది.

2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన శాంతి చట్టం 1962 నాటి చట్టానికి, 2010 నాటి అణు నష్ట పౌర బాధ్యతా చట్టానికి బదులుగా రూపొందింది. నియంత్రణ మండలికి చట్టబద్ధ హోదాను ఇందులో పొందుపరచారు. ప్రైవేటు సంస్థలకు అణు విద్యుత్ రంగంలో ప్రవేశం కల్పించినందున నియంత్రణ బాధ్యత మరింత గురుతరమైనది.

జిల్లా యంత్రాంగం పాత్ర

కేంద్రం ప్రాంగణం వెలుపల అత్యవసర చర్యల బాధ్యత జిల్లా యంత్రాంగానిది. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, పరిశ్రమలలో పాత పరికరాల వేలానికి ముందు వాటిలో రేడియోధార్మిక పదార్థం ఉన్నదీ లేనిదీ నిర్ధారించుకోవడం ఆవశ్యకం. ఇటువంటి పదార్థాన్ని సరఫరాదారుకు గాని, అధీకృత సంస్థకు గాని మాత్రమే అప్పగించాలి. ఏదైనా సంఘటనపై వార్తలు వెలువడినపుడు మోతాదు ఎన్ని మిల్లీసీవర్టులు, కొలమానంపై స్థాయి ఎంత అన్న రెండు వివరాలు తెలిస్తే అపాయ తీవ్రతను ప్రజలకు యథాతథంగా వివరించడం సాధ్యమవుతుంది.