గోమారి కాటు – మచ్చల జ్వరం

పశువుల చెవుల్లోనూ, కుక్కల కాలివేళ్ల సందుల్లోనూ అంటిపెట్టుకుని రక్తం పీల్చే గోమార్లను మీరు చూసే ఉంటారు. కొన్ని ప్రాంతాల్లో వీటిని పిడుదులంటారు. ఇవి కీటకాలు కావు. ఎదిగిన గోమారికి ఎనిమిది కాళ్లుంటాయి. సాలీడు, తేలు దీనికి బంధువులు. ఇది కుట్టినప్పుడు నొప్పి అంతగా తెలియదు. అందుకే చాలామంది రోగులకు కాటు సంగతే గుర్తుండదు.

అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో, బిట్టర్‌రూట్ లోయలో, ఒంటినిండా మచ్చలతో ప్రాణాలు తీసే జ్వరం ఒకటి ఉండేది. అది గోమారి కాటువల్ల వ్యాపిస్తుందని 1906లో హోవర్డ్ రికెట్స్ గినీపందులపై ప్రయోగాలు చేసి చూపాడు. తర్వాత మెక్సికోలో టైఫస్ జ్వరాన్ని పరిశోధిస్తూ, 1910లో ఆ జ్వరానికే బలయ్యాడు. ఈ జ్వరాలను కలిగించే బాక్టీరియాలకు ఆయన పేరుమీదనే 'రికెట్సియా' అని పేరు పెట్టారు.

మచ్చలు ఎందుకు వస్తాయి?

రికెట్సియాలు జీవకణం లోపల మాత్రమే వృద్ధి చెందగలవు. గోమారి లాలాజలంతో మన శరీరంలో ప్రవేశించి, సన్నని రక్తనాళాల లోపలి పొర కణాల్లో చేరతాయి. ఆ పొర దెబ్బతిన్నచోట రక్తం బయటకు ఊరుతుంది. చర్మంపై మనకు కనిపించే ఎర్రమచ్చ అదే. ఇదే నష్టం ఊపిరితిత్తుల్లోనూ, మూత్రపిండాల్లోనూ, మెదడులోనూ జరగవచ్చు. కాబట్టి ఇది చర్మవ్యాధి కాదు, రక్తనాళాల వ్యాధి.

మన దేశంలోనూ ఇటువంటి జ్వరం ఉంది. దాన్ని ఇండియన్ టిక్ టైఫస్ అంటారు. కుక్కలను పట్టే గోధుమరంగు గోమారి దీన్ని వ్యాపింపజేయగలదు. మొదట జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు. కొన్ని రోజులకు మచ్చలు. అరచేతుల్లో, అరికాళ్లలో కూడా మచ్చలు రావచ్చు. దీన్ని తట్టు అనో, డెంగ్యూ అనో పొరబడే ప్రమాదముంది.

పెన్సిలిన్ దీనిపై పనిచేయదు, డాక్సీసైక్లిన్ పనిచేస్తుంది. అయితే మొదటి వారంలో రక్తపరీక్షలో వ్యాధి తరచు బయటపడదు. అందువల్ల అనుమానం కలగగానే వైద్యులు చికిత్స ప్రారంభిస్తారు. ఆలస్యమైతే ప్రాణాపాయం. ఆ అనుమానం వైద్యునికి కలగాలంటే కుక్కలతో, పశువులతో, గడ్డిపొదలతో మీకున్న సంబంధం గురించి మీరే చెప్పాలి.

ఒంటిపై గోమారి కనిపిస్తే కిరోసిన్ పోయకండి, కాల్చకండి, వేళ్లతో నలపకండి. సన్నని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా నిదానంగా పైకి లాగి, ఆ చోటును సబ్బుతో కడగండి.