పారాచూట్ ఎవరికి? - ఫుట్‌బాల్ లీగ్‌లో పై అంచెకు పోటీ, దాని వెనక డబ్బు లెక్క

ఒక పరుగు పందెంలో ఇరవై నలుగురు నిలబడ్డారనుకుందాం. అందరికీ గీత ఒకటే, దూరం ఒకటే, నియమాలూ ఒకటే. అయితే వారిలో కొందరికి మాత్రం నిర్వాహకులే ఏడాది పొడవునా పౌష్టికాహారం, మంచి బూట్లు, శిక్షకుడి జీతం ఇచ్చి పంపారు. ఆ పందాన్ని సమానమైన పోటీ అనవచ్చునా? ఇంగ్లండు ఫుట్‌బాల్‌లో రెండో అంచె అయిన ఛాంపియన్‌షిప్ విషయంలో ఈ ప్రశ్న చాలా ఏళ్ళుగా నలుగుతోంది.

మొదట నిర్మాణం చూద్దాం. పై అంచె ప్రీమియర్ లీగ్. ఇది 1992లో మొదలైంది, ఇప్పుడు 20 క్లబ్బులు. కింది అంచెలో 24 క్లబ్బులు, ఒక్కొక్కటి 46 ఆటలు ఆడుతుంది. ఏటా పైనుంచి ముగ్గురు దిగుతారు, కింది నుంచి ముగ్గురు ఎక్కుతారు. 2024-25 సీజన్‌లో మొదటి రెండు స్థానాల వారు నేరుగా ఎక్కారు. మూడు నుంచి ఆరు స్థానాల వారు ప్లే-ఆఫ్ ఆడితే, వెంబ్లీ మైదానంలో ఫైనల్ గెలిచిన సండర్లాండ్‌కు మూడో చోటు దక్కింది.

ఈ రెండు అంచెల మధ్య తేడా ఆటలో కన్నా టీవీ హక్కుల ఆదాయంలో ఎక్కువ. అది వాలు కాదు, నిట్టనిలువు గోడ. పైనుంచి పడిన క్లబ్బు ఆదాయం ఒక్కసారిగా కూలిపోతుంది. ఆటగాళ్ళ ఒప్పందాలు మాత్రం మూడు నాలుగేళ్ళకు రాసినవి, ఆ జీతాలు చెల్లించక తప్పదు. అందుకని ప్రీమియర్ లీగ్ దిగిపోయిన క్లబ్బులకు కొన్నేళ్ళపాటు డబ్బు ఇస్తుంది. దానికే 'పారాచూట్ చెల్లింపులు' అని పేరు. 2016-17 నుంచి అమలైన లెక్క ప్రకారం, ప్రీమియర్ లీగ్ క్లబ్బులు సమానంగా పంచుకునే టీవీ వాటాలో మొదటి ఏడు 55 శాతం, రెండో ఏడు 45 శాతం, మూడో ఏడు 20 శాతం ఇస్తారు. పైన ఒక్క సీజనే ఉండి దిగితే మూడో ఏటి వాటా లేదు.

ఇందులో న్యాయం లేకపోలేదు. దిగితే దివాలా అన్న భయం ఉంటే, కొత్తగా పైకి వెళ్ళిన క్లబ్బు మంచి ఆటగాడిని కొనడానికి ధైర్యం చేయదు. కాని పారాచూట్ కట్టుకుని దిగినవాడు దిగేది ఖాళీ మైదానంలోకి కాదు, మరో పోటీలోకి. మొదటి ఏడాది పారాచూట్ సొమ్ము ఇటీవలి కాలంలో నాలుగున్నర కోట్ల పౌండ్లకు పైగా ఉంది. అదే అంచెలోని ఇతర క్లబ్బుకు ప్రీమియర్ లీగ్ ఇచ్చే 'సంఘీభావ' చెల్లింపు సుమారు 50 లక్షల పౌండ్లు. తేడా తొమ్మిది రెట్లు!

మైకును స్పీకరు దగ్గరికి తీసుకువెళితే కీచుమని అరుపు వస్తుంది, మీరు వినే ఉంటారు. బయటికి వచ్చిన శబ్దం మళ్ళీ లోపలికి వెళ్ళి మరింత పెద్దదై వస్తుంది. ఇక్కడా అంతే. డబ్బు ఆటగాళ్ళను తెస్తుంది, ఆటగాళ్ళు ప్రమోషన్ తెస్తారు, ప్రమోషన్ మళ్ళీ డబ్బు తెస్తుంది. 2024-25లో లీడ్స్, బర్న్‌లీ రెండూ సరిగ్గా 100 పాయింట్లతో పైకి వెళ్ళాయి. బర్న్‌లీ 46 ఆటల్లో ఇచ్చుకున్నవి 16 గోల్స్ మాత్రమే. రెండూ పారాచూట్ క్లబ్బులే.

మరి మిగిలినవారు ఊరుకుంటారా? ఒక చిన్న లెక్క వేద్దాం. 2024 ప్లే-ఆఫ్ ఫైనల్ విజేతకు రాగల అదనపు ఆదాయం కనీసం 14 కోట్ల పౌండ్లని డెలాయిట్ సంస్థ అంచనా వేసింది. 24 మందిలో ముగ్గురికి అవకాశం, అంటే సంభావ్యత 8లో 1. 14 కోట్లలో ఎనిమిదో వంతు 1 కోటి 75 లక్షలు. అంతవరకు అదనంగా ఖర్చు పెట్టడం తెలివైన పనేనని ప్రతి క్లబ్బూ అనుకుంటుంది. అందరూ అలాగే పెడితే ఎవరి అవకాశమూ పెరగదు. ముగ్గురు లాభపడతారు, 21 మంది పెట్టినదంతా పోగొట్టుకుంటారు. సినిమా హాలులో ముందువాడు లేచి నిలబడితే వెనకవాళ్ళంతా లేవవలసి వచ్చినట్టు! పైగా పారాచూట్ లేని క్లబ్బుకు నిజమైన సంభావ్యత 8లో 1 కన్నా తక్కువే. ఆ సంగతి లెక్కలో వేసుకునే యజమానులు తక్కువ.

ఫలితం ఖాతాల్లో కనిపిస్తుంది. 2018-19లో ఛాంపియన్‌షిప్ క్లబ్బుల జీతాల ఖర్చు మొత్తం ఆదాయంలో 107 శాతం. విద్యుత్తు, ప్రయాణాలు, మైదానం పని ఇవన్నీ ఆ తరవాత! లోటును యజమాని జేబు పూడ్చాలి. మూడేళ్ళలో నష్టం 3 కోట్ల 90 లక్షల పౌండ్లు మించరాదని నియమం వచ్చింది. అయినా డర్బీ కౌంటీ 2021 సెప్టెంబరులో దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. లెక్కల ఉల్లంఘనతో కలిపి 21 పాయింట్ల కోత పడి, 2022లో మూడో అంచెకు జారింది.

మనకు కొంచెం దగ్గరి ఉదాహరణ బ్లాక్‌బర్న్ రోవర్స్. 1995లో ప్రీమియర్ లీగ్ విజేత. తెలుగువారైన బి.వి.రావు 1971లో స్థాపించిన వెంకటేశ్వర హేచరీస్ కుటుంబం, అంటే వెంకీస్, దీనిని 2010 నవంబరులో కొన్నది. 2012లో జట్టు దిగిపోయింది. అప్పట్లో పారాచూట్ నాలుగేళ్ళు. ఆ నాలుగేళ్ళలో పైకి వెళ్ళలేకపోయింది. సొమ్ము ఆగిన మరుసటి ఏడే, 2017లో, మూడో అంచెకు పడింది. 2018లో తిరిగి రెండో అంచెకు వచ్చింది. కారణం పారాచూట్ ఒక్కటే అనను, నిర్వహణపై అభిమానులకు చాలా ఫిర్యాదులు ఉండేవి.

డబ్బుంటే గెలుపు ఖాయమని కూడా అనుకోకండి. 2014 దాకా లీగ్ వెలుపలే ఆడిన లూటన్ టౌన్, సుమారు పదివేల మంది పట్టే పాత మైదానంతోనే 2023 మేలో పెనాల్టీలపై కావెంట్రీని ఓడించి పై అంచెకు చేరింది. ఇప్స్‌విచ్ వరసగా రెండు ప్రమోషన్లతో 2024లో చేరింది. అయితే అక్కడ నిలవగలిగారా? 2023-24లో కొత్తగా వెళ్ళిన ముగ్గురూ ఏడాదికే దిగారు. 2024-25లోనూ అంతే. సదాంప్టన్‌కు 38 ఆటల్లో వచ్చినవి 12 పాయింట్లు. అంటే గోడ ఎత్తు పెరుగుతోంది. దిగివచ్చిన లూటన్ పారాచూట్ సొమ్ము అందుకుంటూనే 2025లో మూడో అంచెకు పడిపోయింది!

మన దేశంలో ఐ-లీగ్ విజేతకు ఇండియన్ సూపర్ లీగ్‌లోకి దారి 2023లో తెరుచుకుంది. మొదట పంజాబ్, 2024లో మహమ్మడన్ స్పోర్టింగ్ వెళ్ళాయి. కోల్‌కతాకు చెందిన ఆ పాత క్లబ్బు 2024-25లో చివరి స్థానంలో నిలిచింది.

పారాచూట్‌ను రద్దు చేసి, రెండు లీగ్‌ల టీవీ ఆదాయాన్ని కలిపి అందులో 25 శాతం కింది అంచెలకు ఇవ్వాలని ఇంగ్లిష్ ఫుట్‌బాల్ లీగ్ వాదన. పైవారు ఒప్పుకోలేదు. బేరం ఏళ్ళ తరబడి తెగకపోవడంతో బ్రిటిష్ పార్లమెంటు కలగజేసుకుంది. 2025 జులైలో ఆమోదం పొందిన ఫుట్‌బాల్ గవర్నెన్స్ చట్టం ఒక స్వతంత్ర నియంత్రణాధికారిని ఏర్పరచింది. రెండు లీగ్‌లు డబ్బు పంపకంపై తమలో తాము ఒప్పందానికి రాకపోతే, చివరి మార్గంగా ఆ సంస్థ జోక్యం చేసుకోవచ్చు.