దస్తావేజులోని హద్దులు, నేల మీది హద్దులు

పొలం కొనుగోలును చట్టపరంగా పరిశీలించేటప్పుడు ముందుగా ఒక విషయం గ్రహించాలి. సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో రిజిస్టరయ్యేది దస్తావేజు, భూమి కాదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం దస్తావేజు రాసి ఇచ్చినవారు వీరేనా, ఆస్తిని గుర్తించడానికి తగిన వివరం ఉందా అన్నవి చూస్తారు. పొలానికి వెళ్లి గొలుసు పట్టి కొలవరు. అమ్మేవారి హక్కు ఎంతవరకు నిజమో తేల్చరు. తనకు లేని హక్కును ఎవరూ మరొకరికి బదిలీ చేయలేరు గనుక, ఆ విచారణ భారం కొనేవారి మీదే పడుతుంది.

తెనాలి, రేపల్లె, బాపట్ల వైపు పాత దస్తావేజుల షెడ్యూలు తరచు ఈ తీరుగా ఉంటుంది: తూర్పు ఫలానావారి పొలం, దక్షిణం బోదె, పడమర డొంక, ఉత్తరం మా అన్నగారి భాగం, ఈ మధ్య గల సుమారు య. 1-50 సెంట్లు. రాసిన రోజున ఈ హద్దులు ఊరందరికీ తెలుసు. నలభై ఏళ్లు గడిచేసరికి ఫలానావారి పొలం రెండు చేతులు మారుతుంది. బోదె పూడిపోతుంది. డొంకను ఇరుపక్కల రైతులు ఏటా కాస్త కాస్త దున్ని కలుపుకుంటారు. అయినా కొత్త దస్తావేజు రాసే లేఖరి పాత హద్దులనే ఎత్తి రాస్తాడు. లింకు దస్తావేజులు నాలుగున్నాయని కొనేవారు ధీమాగా ఉంటారు గాని, అవి ఒకే వాక్యానికి నాలుగు నకళ్లు మాత్రమే.

దీనివల్ల ఏమవుతుందో ఒక ఊహాత్మక ఉదాహరణతో చూద్దాం. ఒక సర్వే నంబరు విస్తీర్ణం య. 4-20 సెంట్లు. ముగ్గురు అన్నదమ్ములు నోటిమాటగా పంచుకున్నారు. సమానమైతే తలకు య. 1-40. కాని ఎవరికి వారు గట్టు, బోదె కలుపుకుని, కంటి అంచనాతో య. 1-50 చొప్పున వేర్వేరు సంవత్సరాల్లో అమ్మారు. ఏ దస్తావేజును విడిగా చూసినా తప్పు కనబడదు. 1-50 అన్నది 4-20లో ఇముడుతుంది. మూడూ కలిపితే య. 4-50. సెంటుకు 48.4 చదరపు గజాల లెక్కన 1,452 గజాల భూమి కాగితం మీద తప్ప లోకంలో లేదు. దాని సొమ్ము మాత్రం ఎవరో చెల్లించారు. సాధారణంగా ఆ లోటు ఆఖరున కొన్నవారికి చుట్టుకుంటుంది, ఎందుకంటే ముందు కొన్నవారు అప్పటికే గట్లు వేసుకుని సాగులో ఉంటారు.

విస్తీర్ణానికీ హద్దులకూ పొంతన కుదరనప్పుడు, స్పష్టమైన హద్దులకే ప్రాధాన్యం ఇవ్వడం న్యాయస్థానాలు సాధారణంగా అనుసరించే సూత్రం. కాని హద్దులే అస్పష్టమైతే ఈ సూత్రం ఎవరికీ అక్కరకు రాదు. పైగా, పక్కవారు ఆ ముక్కను తమదిగా బహిరంగంగా, ఎడతెగకుండా 12 ఏళ్లు అనుభవించి ఉంటే, 1963 నాటి కాలపరిమితి చట్టం కింద అసలు హక్కుదారు దావాయే నిలవకపోవచ్చు.

మాగాణిలో కనీసం గట్టు కనబడుతుంది. వేటపాలెం మండలం రామాపురం వంటి సముద్రతీర గ్రామాల ఇసుక నేలల్లో ఆ ఆనవాలు కూడా నిలవదు. రాయి పాతినా ఇసుక కప్పేస్తుంది. రిసార్టుల వల్ల ధర పెరిగినచోట ఒక్క సెంటు తేడా కూడా పెద్ద తగాదాయే. అక్కడ తీరప్రాంత నియంత్రణ మండలి నిబంధనలు వర్తిస్తాయేమో కూడా విచారించాలి. హక్కు సక్రమంగా ఉన్నంత మాత్రాన కట్టడానికి అనుమతి ఉన్నట్లు కాదు.

ఇక రికార్డుల సంగతి. అడంగల్, 1-బి పేరునూ విస్తీర్ణాన్నీ చూపుతాయి, ఆకారాన్ని చూపవు. ఆకారం, కొలతలు ఉండేది ఎఫ్.ఎం.బి. పటంలో. పైన చెప్పిన మూడు ముక్కలకు ఆ పటంలో సబ్ డివిజన్ జరగకపోతే, మీరు కొనే య. 1-50 ఆ నంబరులో ఏ మూల ఉందో ప్రభుత్వ రికార్డు చెప్పలేదు. "ఈసీ శుభ్రంగా ఉందండీ" అని మధ్యవర్తులు చెప్పే మాటకు విలువ పరిమితమే. నోటి పంపకం, రిజిస్టరు కాని వీలునామా, తెల్లకాగితం మీది ఒప్పందం ఈసీలో కనిపించవు. ఆడపడుచుల వాటా కూడా అంతే. అవిభక్త కుటుంబ ఆస్తిలో కుమార్తెలకు ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచే హక్కు కల్పించారు. 1956 నాటి వారసత్వ చట్టానికి 2005లో దేశమంతటికీ అటువంటి సవరణే వచ్చింది. 22-ఎ నిషేధిత జాబితా, 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం, రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో పట్టాదారు పేరుకు బదులు చుక్కలు పెట్టిన "చుక్కల భూములు" — వీటిని విడిగా సరిచూడాలి.

రాష్ట్రంలో 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే డ్రోన్లతో, ఉపగ్రహ సంకేతాల ఆధారంగా కొత్త పటాలు తయారుచేసింది. రీసర్వే పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబరు స్థానంలో ఎల్.పి.ఎం. నంబరు వచ్చింది. అయితే కొన్నిచోట్ల పలువురు రైతులను ఒకే జాయింట్ ఎల్.పి.ఎం.లో చేర్చడంతో పాత చిక్కు కొత్త నంబరుతో మిగిలింది. దక్షిణ ఆస్ట్రేలియాలో 1858లో మొదలైన టోరెన్స్ పద్ధతిలో హక్కు ప్రభుత్వ రిజిస్టరు నుంచే సంక్రమిస్తుంది. మన రాష్ట్రం తెచ్చిన 2022 నాటి భూహక్కుల చట్టం 2024లో రద్దయింది. కాబట్టి హక్కును దస్తావేజుల వరుస ద్వారా రుజువు చేసుకునే పద్ధతే కొనసాగుతోంది.

ఈ స్థితిలో కొనేవారికి అందుబాటులో ఉన్న మార్గం, పెద్ద మొత్తం చేతులు మారకముందే అమ్మేవారి చేత ఎఫ్-లైన్ సర్వేకు దరఖాస్తు పెట్టించడం. చుట్టుపక్కల రైతులకు నోటీసు వెళ్తుంది. సర్వేయరు వారి ఎదుట కొలిచి హద్దులు చూపుతారు. అభ్యంతరం ఉన్నవారు అప్పుడే బయటపడతారు. కొలతలో తేలిన విస్తీర్ణానికే ధర చెల్లించేలా అగ్రిమెంటులో ఒక షరతు రాయించుకోవచ్చు. అమ్మేవారు దానికి ఒప్పుకోకపోతే, కారణం ఏమిటో విచారించాకే బయానా ఇవ్వాలి.

అభ్యాసం: మీ కుటుంబంలో ఉన్న ఒక పాత దస్తావేజు తీసుకోండి. అందులోని నాలుగు హద్దుల్లో ఈనాడు పొలంలో చూపించగలిగినవి ఎన్నో, ఊళ్లో పెద్దవారిని అడిగితే గాని తెలియనివి ఎన్నో విడదీసి రాయండి.