ఆ జ్వరానికి తెల్లారే దాకా ఆగొద్దు

జ్వరమొస్తే మన ఇళ్లలో ఒకటే పద్ధతి. నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తాం, పారాసెటమాల్ ఇస్తాం, "పొద్దున చూద్దాంలే" అంటాం. మామూలు మనిషికి అది చెల్లుతుంది. పది రోజుల కిందట కీమో ఎక్కించుకుని సైదాబాద్‌లోని ఇంటికి తిరిగొచ్చిన మనిషికి మాత్రం ఆ ఒక్క రాత్రే ప్రాణం మీదికి తేవచ్చు.

కీమో మందు వేగంగా పెరిగే కణాల్ని చంపుతుంది. క్యాన్సర్ కణాలతో పాటు ఎముక మజ్జలో తెల్లకణాల్ని పుట్టించే కణాలూ దెబ్బతింటాయి. క్రిముల మీదికి ముందుగా దూకే న్యూట్రోఫిల్స్, చాలా మందుల విషయంలో, 7 నుంచి 14 రోజుల మధ్య అడుగంటుతాయి. అవి తగ్గేకొద్దీ ఇన్ఫెక్షన్లు పెరుగుతాయని 1966లో జెరాల్డ్ బోడీ బృందం లుకేమియా రోగుల్లో లెక్కకట్టి చూపింది. మైక్రోలీటరు రక్తంలో 500 కంటే తక్కువుంటే ముప్పు తీవ్రమని ఇప్పుడు వార్డుల్లో లెక్క.

చీము అంటే చాలావరకు చచ్చిన న్యూట్రోఫిల్సే. అవే లేనప్పుడు చీము పట్టదు, వాపూ ఎరుపూ పెద్దగా కనబడవు. ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ ఉన్నా ఎక్స్‌రే తేటగా ఉండొచ్చు. చాలాసార్లు మిగిలే ఆనవాలు జ్వరం ఒక్కటే. మాత్ర వేసి దాన్నీ చెరిపేస్తే డాక్టరుకు దారి చూపేది ఏదీ ఉండదు.

నర్సింగ్ విద్యార్థులు క్యాన్సర్ అత్యవసర స్థితులు, సెప్సిస్, హెచ్‌ఐవీ చిక్కులు పక్కపక్కనే పెట్టుకుని చదవడం మంచిదని నా అభిప్రాయం. హెచ్‌ఐవీ దెబ్బకొట్టేది సీడీ4 అనే తెల్లకణాల్ని. అవి మైక్రోలీటరుకు 200 కిందికి పడితే న్యూమోసిస్టిస్ న్యుమోనియా లాంటివి కమ్ముకుంటాయి. కణాలు వేరైనా, కాపలా లేని ఒళ్లు ఒకటే. అలాంటి ఒంట్లో చేరిన ఇన్ఫెక్షన్ సెప్సిస్‌కు దారితీయొచ్చు. ఇన్ఫెక్షన్‌ను ఎదుర్కోబోయి ఒళ్లు అదుపు తప్పి తన అవయవాల్నే పాడుచేసుకోవడం సెప్సిస్.

దాన్ని ముందుగా పసిగట్టేది తరచుగా నర్సే. మణికట్టు పట్టుకుని నాడి చూస్తున్నట్టే ఉంటుంది, కళ్లు మాత్రం ఛాతీ మీద. ఊపిరి లెక్కపెడుతున్నానని చెబితే మనిషికి తెలియకుండానే ఊపిరి తీరు మారిపోతుంది, అందుకని చెప్పదు. నిమిషం నిండా లెక్కపెడుతుంది. లెక్క 22కి చేరినా, పై బీపీ 100కి దిగినా, మాట తికమకపడినా వెంటనే డాక్టర్ని పిలుస్తుంది. రక్తం కల్చర్‌కు తీసి, గంట లోపల నరానికి యాంటీబయాటిక్ ఎక్కించాలి. కల్చర్ ఆలస్యమవుతుందని మందు ఆపకూడదు.

ఈ కథలో మనవాడొకరున్నారు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అమెరికాలో లెడర్లీ సంస్థలో ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌నే సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకిచ్చారు. ఆయన పరిశోధనలు నడిపించిన ఆ సంస్థ నుంచే 1948లో ఆరియోమైసిన్ యాంటీబయాటిక్ కూడా వచ్చింది. క్యాన్సర్‌ను అణిచే మందు, క్రిమిని అణిచే మందు రెండూ ఒకే గూటివి.

పగలైతే మూసారాంబాగ్‌లో మెట్రో ఎక్కి లక్డీకాపూల్‌లో దిగితే రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి దగ్గరే. అర్ధరాత్రి మెట్రో ఉండదు. కీమో నడుస్తున్న ఇంట్లో థర్మామీటర్, ఆసుపత్రి ఫైలు ఒకేచోట పెట్టుకోండి. 100.4 చూపిస్తే మాత్ర వేసి ఆగకండి, 108కి ఫోన్ చేయండి. దగ్గర్లోని క్యాజువాలిటీలో అడుగుపెట్టగానే, పేరు కంటే ముందు, "కీమో నడుస్తోంది, జ్వరం వచ్చింది" అని చెప్పండి.